పేల్ ఏల్‌కి ఫ్రీజర్ గ్లాసు వద్దండి

సభకు నమస్కారం. పెద్దల పేర్లు ఇందాకే చదివారు కనక మళ్లీ చదవను, మన్నించాలి. పేల్ ఏల్ అంటే ఒక రకం బీరు. ఇంగ్లీషు పద్ధతిలో కాచిన దాన్ని రుచి చూడడం ఎలాగో చెప్పమన్నారు.

ముందు రంగు చూడండి. పేల్ అంటే లేత రంగని మరీ నిమ్మరసంలా ఉంటుందనుకోకండి. ముదురు గోధుమ రంగు బీర్లే తాగే రోజుల్లో, కోకు బొగ్గు సెగ మీద ఆరబెట్టిన మాల్టుతో, అంటే మొలకెత్తించిన బార్లీతో, కాచింది వాటి పక్కన లేతగా కనబడింది, అందుకని ఆ పేరు. తేనె రంగు నుంచి చింతపండుతో తోమిన రాగి చెంబు రంగు దాకా ఏదైనా సరైనదే.

తర్వాత వాసన. ఇక్కడే నా గోడు చెప్పుకోవాలి. మన దగ్గర గ్లాసులు ఫ్రీజర్లో పెట్టి, మంచు పట్టాక, అందులో 4 డిగ్రీల బీరు పోస్తున్నారు. అది మర్యాద అనుకుంటున్నారు. ఆ మంచు కరిగి బీరు పలచనవుతుంది. మంచు గరుకుకి గ్యాసంతా నురగై పైకి పొంగి, అడుగున చప్పటిది మిగులుతుంది. అదే ఫ్రీజర్లో రొయ్యలు కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అంత చలిలో వాసన పైకి లేవదు, నాలుక మొద్దుబారుతుంది, చేదు ఒక్కటే తెలుస్తుంది. బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలని హాప్స్ అంటారు. ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్, ఫగుల్స్ లాంటి ఇంగ్లీషు హాప్స్‌వి అరిచే వాసనలు కావండి. కాస్త మట్టి, కాస్త పూలు, కాస్త ఎండుగడ్డి. వాటిని చంపేశాక ఇక పేల్ ఏల్ ఎందుకు?

ఇంగ్లండులో పీపా ఏల్‌ని నేలమాళిగలో 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచుతారు. మే నెల ఎండలో పడి వచ్చినవాళ్లకి చల్లనిది కావాలి, కాదనను. దాహానికి ముందు మంచినీళ్లు తాగండి. ఏల్ మాత్రం 8, 10 డిగ్రీల దగ్గర పోయించుకోండి.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. పేల్ ఏల్‌కి పేరు తెచ్చిన ఊరు ఇంగ్లండులోని బర్టన్ ఆన్ ట్రెంట్. అక్కడి బావుల్లో జిప్సం ఎక్కువ. మన రైతులు చౌడు నేలకి చల్లేదీ ఆ జిప్సమే, కాకపోతే బీరుకి తినే పదార్థాల్లో వాడే రకం తీసుకోవాలి. అందులోని సల్ఫేటు వల్ల చేదు పొడిగా, తేటగా తెలుస్తుంది. మనకి కాలవలు కట్టేసిన రోజుల్లో బోరు నీళ్లే దిక్కు, సముద్రం వైపు ఊళ్లలో అవి ఉప్పన. ఉప్పులోని క్లోరైడు మాల్టు తీపిని ముందుకి తోసి చేదుని మొద్దుబరుస్తుంది. ఆర్వో చేసిన నీళ్లలో 10 లీటర్లకి 1 గ్రాము జిప్సం కలిపితే లీటరుకి సుమారు 56 మిల్లీగ్రాముల సల్ఫేటు, 23 మిల్లీగ్రాముల కాల్షియం చేరతాయి. అక్కడ మొదలుపెట్టి రుచి చూస్తూ పెంచుకోవచ్చు.

ఇక తప్పులు. నెయిల్ పాలిష్ వాసన వస్తే బీరుని పులియబెట్టే ఈస్టు వేడెక్కిపోయిందని అర్థం. 18, 20 డిగ్రీల దగ్గర పులియాల్సింది, కరెంటు పోయి ట్యాంకు చల్లబరిచే యంత్రం ఆగితే మన ఎండకి పైకి పాకిపోతుంది. ఉడికిన మొక్కజొన్న వాసనైతే మూతపెట్టి మరిగించారేమో అడగండి. వెన్న వాసన లీలగా ఉంటే ఇంగ్లీషు ఏల్స్‌లో ఒప్పుకుంటారు. ముంచెత్తితే మాత్రం తొందరపడి చల్లబరిచారన్నమాట. పులియడం అయ్యాక ఇంకో రెండు మూడు రోజులు అదే వెచ్చదనంలో ఉంచితే ఆ వెన్నని ఈస్టే తినేస్తుంది.

మళ్లీ చల్లదనం దగ్గరికే వస్తున్నానండి, ఏమనుకోకండి. ఈ వెన్న 4 డిగ్రీల దగ్గర సరిగా దొరకదు, 12 దగ్గర దొరికిపోతుంది. గడ్డకట్టిన గ్లాసు మంచి బీరు గుణాన్నీ దాస్తుంది, చెడ్డ బీరు దోషాన్నీ దాస్తుంది. కాచేవాళ్లు కూడా వినాలి ఈ మాట.

చేపల వేపుడు ప్లేట్లు కాసేపు పక్కన పెట్టండమ్మా. పెదాల మీద నూనె ఉంటే నురగ నిలవదు. మధ్యమధ్య నాలుకకి ఉప్పు లేని మరమరాలు చాలు. వైనులా ఉమ్మేయకండి, మింగాకే గొంతు దగ్గర చేదు ఎంతసేపు నిలిచిందో తెలిసేది. బండి మీద వచ్చినవాళ్లు వాసన దగ్గరే ఆగండి.

ఇప్పుడు గ్లాసులు వస్తున్నాయి, తలా 150 మిల్లీలీటర్లు. తాగకండి, రెండు అరచేతుల మధ్య పట్టుకోండి. ఇప్పుడొకసారి వాసన చూసి చీటీ మీద రాయండి. పది నిమిషాలాగి, అదే గ్లాసు మళ్లీ వాసన చూసి, పక్కనే రాయండి.