మంచి బ్రేస్ ఎక్స్‌పోర్ట్‌కి, రేకు ముక్కలు ఇంట్లోవాళ్ళకి! పాత మస్టాంగ్ విషయంలో ఫోర్డ్ చేసిన పని

పాత కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలి, ఏమీ మార్చకూడదు అనే ఒరిజినాలిటీ బ్యాచ్‌కి ఒకటే ప్రశ్న. ఫోర్డ్ మస్టాంగ్‌నే తీసుకుని కారోల్ షెల్బీ రేసులకి తగ్గట్టు తయారుచేసిన 1965 షెల్బీ జీటీ350 ఒరిజినల్ కారా కాదా? ఒరిజినలే అంటారు, దాని ఫొటో కనపడితే దండం పెడతారు. మరి దాని బానెట్ ఎత్తి చూశారా ఎప్పుడైనా? రెండు షాక్ టవర్లనీ (ముందు సస్పెన్షన్ పైకొస కూర్చునే రేకు గూళ్ళు) ఫైర్‌వాల్‌నీ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) కలిపి పట్టేసే వన్ పీస్ బ్రేస్, అంటే ఊత, ఉంటది, ఇంజన్ బేలో ఈ పక్క నుంచి ఆ పక్కకి అడ్డంగా మాంటే కార్లో బార్ అనే రాడ్ ఉంటది. షెల్బీ పెడితే ఇంజనీరింగ్, ఇక్కడ డాలస్‌లో మా ఫ్రెండ్ తన 66 మస్టాంగ్ కూపేకి అవే సొంతంగా చేసుకుంటే "కారుని ఖూనీ చేశాడు" అంటారా? పోయిన వీడియో కింద కామెంట్లన్నీ అవే, చదివి చదివి బీపీ పెరిగింది నాకు.

అసలా కారు పుట్టుకే వీక్ అండీ. 1964 ఏప్రిల్‌లో 2,368 డాలర్లకి దిగింది మస్టాంగ్. అంత తక్కువ రేటుకి ఎలా ఇచ్చారు? కింద ఉన్నది ఫాల్కన్ కాబట్టి! చిన్న సిక్స్ సిలిండర్‌తో ఇంటి అవసరాలకి చేసిన బండి అది. విడిగా ఛాసిస్ లేదు, రేకులు మడిచి స్పాట్ వెల్డ్ కొట్టిన యూనిబాడీ. ముందొక జత రైల్స్ (పొడుగు దూలాల్లాంటివి), వెనకొక జత రైల్స్, మధ్యలో ఫ్లోరు రేకు, డోర్ల కింద పొడుగ్గా ఉండే రాకర్లు, అంతే. పైగా ముందు చక్రాన్ని పట్టుకునే ఆర్ములు పైనొకటి, కిందొకటి ఉంటాయి, స్ప్రింగ్ కూర్చునేది కింది ఆర్మ్ మీద కాదు, పై ఆర్మ్ మీద. అంటే గుంతలో పడిన దెబ్బంతా తిన్నగా షాక్ టవర్‌కే పోద్ది. అలాంటి దాంట్లోకి ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్ దించారు. ఏళ్ళు గడిచేకొద్దీ టవర్లు లోపలికి ఒరుగుతాయి, ఆర్మ్ బోల్టుల చుట్టూ రేకు చీలుద్ది, అలైన్‌మెంట్ చేసేవాడు షిమ్ములు (సందులో పెట్టే పల్చటి రేకు బిళ్ళలు) పెట్టీ పెట్టీ ఇంక నా వల్ల కాదు బాబూ అని చేతులెత్తేస్తాడు.

ఇప్పుడు అసలు మేటర్. ఇది ఫోర్డ్‌కి తెలీదా? తెలుసు! అమెరికాలో అమ్మిన కార్లకి రెండు విడివిడి రేకు బ్రేసులు పెట్టారు, ఒక్కో టవర్ నుంచి ఫైర్‌వాల్‌కి ఒక్కోటి. బయటి దేశాలకి పంపిన కార్లకి మాత్రం రెండు టవర్లనీ కలిపే సింగిల్ పీస్ బ్రేస్. దాని పేరే ఎక్స్‌పోర్ట్ బ్రేస్ గురూ, ఇంతకన్నా ఏం ప్రూఫ్ కావాలి! మన భీమవరంలో నంబర్ వన్ రొయ్య కంటైనర్ ఎక్కేసి, మనకి మార్కెట్లో మిగిలింది దొరికినట్టు. బయటి రోడ్లు బాగోవు కాబట్టి అలా పెట్టారంటారు కొందరు. సరే, మరి డెట్రాయిట్‌లో మంచు కరిగాక రోడ్లు ఎలా ఉంటాయో చూశారా ఎప్పుడైనా? నా థియరీ సింపుల్, డబ్బులు. మొదటి ఏడాదే 4 లక్షలకి పైగా కార్లు అమ్మారు, ఒక్కో కారు మీద ఒకటి రెండు డాలర్లు మిగిలినా లెక్కేసుకోండి. కన్వర్టిబుల్‌కి టాప్ లేదని రాకర్ లోపల ఎక్స్‌ట్రా రేకు, రైలూ రాకరూ కలిసేచోట టార్క్ బాక్సులనే గట్టి పెట్టెలు వాళ్ళే పెట్టారు కదా, అంటే బలం ఎక్కడ కావాలో పక్కాగా తెలుసు.

అన్నట్టు జర్మనీలో దీన్ని మస్టాంగ్ అని అమ్మలేదు, ఆ పేరు అక్కడ క్రుప్ కంపెనీది, అందుకే టీ-5 అని బ్యాడ్జ్ కొట్టి అమ్మారు. పేరు పోయింది కానీ మంచి బ్రేస్ దక్కింది వాళ్ళకి!

మావాడు ఏం చేశాడో చెప్తా, కోప్పడేముందు అది వినండి. ముందు రెడీమేడ్ మాంటే కార్లో బార్ తెచ్చాడు. పెట్టి చూస్తే బోల్టు హోల్స్ కలవట్లా. బార్ తప్పు కాదది, టవర్లే లోపలికి వచ్చేశాయి! ఫ్యాక్టరీ కొలత చూసి, మధ్యలో థ్రెడ్ రాడ్ పెట్టి కొంచెం కొంచెం బయటికి తోశాడు. ఆ తర్వాతే అట్టముక్కలు కత్తిరించి సొంత బ్రేస్‌కి మోడల్ తీశాడు, ఎందుకంటే అక్కడ బానెట్ హింజి స్ప్రింగ్ ఒకటి ఉంటది, దానికి తగలకూడదు. వీ8కి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ పక్కకి ఊగుద్ది, ఆ ఊపుకి కూడా గ్యాప్ ఉండాలి. ఎయిర్ క్లీనర్ మీద బంకమట్టి లాంటి క్లే ముద్ద పెట్టి, బానెట్ మూసి తీసి, అది ఎంత నలిగిందో చూశాడు. దీన్ని ఖూనీ అంటార్రా?

ఫెండర్లకైతే (ముందు చక్రాల మీద కప్పే రేకులు) రేడియేటర్‌ని పట్టుకునే సపోర్ట్ వైపు చిన్న బ్రాకెట్లు, హోల్స్ గుండ్రంగా కాదు, కోలగా. ఫెండర్ బోల్ట్-ఆన్ కదా, డోర్ గ్యాప్ సెట్ చేయడానికి ముందుకీ వెనక్కీ జరగాలి, వెల్డ్ కొట్టేస్తే ఇంక జీవితాంతం గ్యాప్ వంకరే. కింద ముందు రైల్‌నీ వెనక రైల్‌నీ కలిపే సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు మాత్రం వెల్డింగే. అదీ కారు బరువు చక్రాల మీద ఉన్నట్టే యాక్సిల్ కింద స్టాండ్లు వేసి, బ్యాటరీ తీసేసి, ఒక అంగుళం ఇటు ఒక అంగుళం అటు మార్చి మార్చి కొట్టాడు. మధ్యలో జాకీ వేసి లేపి కొట్టామనుకోండి, బాడీ ఆ వంకరలోనే ఫిక్స్ అయిపోద్ది, డోర్లు మూసుకోవు.

ఇండియా నుంచి చూసేవాళ్ళు జాగ్రత్త, అక్కడ 2021లో వచ్చిన వింటేజ్ రూల్ ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికి ఆ రిజిస్ట్రేషన్ కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. అంబాసిడర్‌కి వెల్డింగ్ మెషీన్ దగ్గరికి తెచ్చేముందు అది చూసుకోండి.

కార్ షోలో జడ్జిల దగ్గర పాయింట్లు పోతాయని ఏడ్చేవాళ్ళకి, పైన బ్రేస్ బోల్టులతోనే ఉంది అన్నా, స్పానర్ తీసుకుని ఇప్పేయ్, షో అయ్యాక మళ్ళీ బిగించుకో. 2020లో వేలంలో 38 లక్షల 50 వేల డాలర్లు పలికిన జీటీ350ఆర్, రేసు డ్రైవర్ కెన్ మైల్స్ గాల్లోకి లేపిన బండి, అదీ బ్రేసులున్న జాతే. కొన్నోళ్ళకి లేని బాధ మీకెందుకు? కనెక్టర్లు వెల్డ్ చేయాలా బోల్ట్ చేయాలా అన్నది నెక్స్ట్ వీడియో, బోల్ట్ బ్యాచ్ ఇప్పట్నుంచే తిట్టడం మొదలెట్టొచ్చు, కామెంట్లు ఓపెనే ఉన్నాయి.