పొడవు స్థలం, ఇద్దరు అన్నదమ్ములు

యాంకర్: నమస్కారం. ఊరు పెరిగేకొద్దీ మన స్థలాలు, వీధులు ఎలా మారతాయన్నది ఈరోజు విషయం. పట్టణ ప్రణాళికలో చాలా ఏళ్లు పనిచేసిన సార్ మనతో ఉన్నారు. మొదటి కాల్... హలో, చెప్పండి.

శ్రోత: నమస్తే అండి. వినిపిస్తోందా?

యాంకర్: వినిపిస్తోందండి. మీ దగ్గర రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి.

శ్రోత: తగ్గించానండి. సార్, మాది నాన్నగారి నాటి స్థలం. వీధి వైపు 30 అడుగులు, లోపలికి 120. తమ్ముడేమో ముందు సగం ఒకరికి, వెనక సగం ఒకరికి అంటాడు. నేనేమో నిలువునా చెరి సగం అంటున్నాను. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, టెన్షన్‌గా ఉంది.

సార్: ముందు పెరట్లో ఏముందో చెప్పండి.

శ్రోత: రేకుల షెడ్డు, దాని వెనక అద్దెకిచ్చిన రెండు గదులు. బావి పూడ్చి అక్కడ ఇంకో గది వేశాం.

సార్: (నవ్వుతూ) పాఠంలో చెప్పినట్టే ఉందండీ మీ పెరడు! కాన్జెన్ అనే భూగోళ శాస్త్రవేత్త 1960లో ఇంగ్లండ్‌లోని ఆనిక్ అనే చిన్న పట్టణం మీద తన అధ్యయనం ప్రచురించారు. అక్కడి పాత స్థలాలూ మీదాని లాంటివే, వీధి వైపు సన్నం, లోపలికి పొడవు. మొదట ముందు ఇల్లు, వెనకంతా ఖాళీ. తర్వాత ఒక్కో గదీ వేసుకుంటూ పెరడంతా నింపేస్తారు. ఎప్పటికో అవన్నీ పడగొడతారు, స్థలం ఖాళీ అవుతుంది, మళ్లీ కడతారు. ఇంత జరిగినా పక్క హద్దులు చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. అందుకే గోడ కన్నా గీత గురించి ఎక్కువ ఆలోచించమంటాను.

శ్రోత: అయితే నిలువునా గీసుకోమంటారా?

సార్: ఆగండి. చెరి 15 అడుగులు వస్తుంది. రెండు పక్కలా మూడేసి అడుగులు వదలాల్సి వస్తే మిగిలేది 9. అందులో మెట్లు పెట్టాక మంచం ఎక్కడ వేస్తారు?

శ్రోత: ...అది ఆలోచించలేదండి.

సార్: పోనీ మీ తమ్ముడు చెప్పినట్టు చేస్తే వెనకవాళ్లకి దారి కావాలి. ఈరోజు మీరు నాలుగడుగులని రాసుకున్న దారే రేపు అక్కడి సందు. అందులోకి అంబులెన్సు రాదు. కనీసం ఎంత వదలాలో అనుమతులిచ్చే ఆఫీసులో అడగండి. నన్నడిగితే అసలు విడగొట్టకండి. కలిపి కట్టుకుని అంతస్తులు పంచుకోండి. న్యూయార్క్‌లోని మాన్‌హట్టన్‌లో 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు ప్లాట్లు మామూలు. పెద్ద భవనం కట్టాలంటే అలాంటివి కొన్ని కలపాలి, మధ్యలో ఒక్కరు అమ్మనంటే అక్కడే ఆగిపోతుంది. విడగొట్టడానికి మీ ఇద్దరి సంతకాలు చాలు. కలపడమే కష్టం.

యాంకర్: థాంక్యూ అండి. తర్వాతి కాల్. చెప్పండమ్మా.

శ్రోత: సార్, మా వీధి మొత్తం వంకర. వెనక కాలనీలో రోడ్లన్నీ గీత గీసినట్టున్నాయి. మాదెందుకిలా?

సార్: ఊరు రాకముందు అది కాలిబాటో, కాలవ గట్టో అయ్యుంటుందమ్మా. ముందు దారి, తర్వాత ఇళ్లు. వెనక కాలనీ ముందు కాగితం మీద గీసి, తర్వాత అమ్మింది. పాత దారి అంత తేలిగ్గా పోదు. 1666లో లండన్ సిటీ చాలావరకు తగలబడింది. తిన్నటి వెడల్పు రోడ్లతో క్రిస్టొఫర్ రెన్ అనే భవన శిల్పి ప్లాను గీసిచ్చారు. కానీ ఎవరి స్థలం వాళ్లకి కావాలి కదా! కొన్ని వీధులు వెడల్పు చేసి, చాలావరకు పాత దారుల మీదే మళ్లీ కట్టుకున్నారు.

శ్రోత: మా వీధిని మాత్రం సరిచేస్తారట సార్. మా స్థలం పోతుందని భయంగా ఉంది.

సార్: అందరి దగ్గరా కొంచెం కొంచెం తీసుకుని, రోడ్లు వేసి, ఎవరి ప్లాటు వాళ్లకి కాస్త చిన్నగా, చక్కటి ఆకారంలో తిరిగిచ్చే పద్ధతి ఒకటుంది. జపాన్‌లో ఎన్నో పేటలు అలా తయారయ్యాయి. మీ దగ్గర ఒక పక్కే కొలిచారా, రెండు పక్కలా?

శ్రోత: మా పక్కే. ఎర్ర గీత గేటు దాటి మెట్ల మీద పడింది.

సార్: ఫోటో తీసి పెట్టుకోండి. ఎదుటి ఇంటి గోడ నుంచి మీ మెట్ల దాకా కొలిచి, దస్తావేజులోని కొలతతో సరిచూడండి. తేడా ఉంటే గడువులోపు కాగితం మీద అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి.

శ్రోత: గడువు ఎల్లుండే సార్.

సార్: అయితే ఫోన్ పెట్టేసి టేపు పట్టుకోండమ్మా.