లెక్కలోకి రాని నడక

(ఒడిశాలోని బరంపురంలో వి.వి. గిరి జయంతి సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారు చదివేశారు, మళ్ళీ చదివి మీ పొద్దు పాడుచెయ్యను. గిరి గారు 1894 ఆగస్టు 10న ఈ ఊళ్ళోనే పుట్టారు, రాష్ట్రపతి అయ్యారు. మన ఊరి మీదుగా పోయే లైనుందే, అప్పటి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల పక్షాన నిలబడ్డ మనిషిగా ఆయన నాకు దగ్గర. అందుకే కరోనాకి రైళ్ళూ బస్సులూ ఆగిపోయిన 2020 సంగతి మాట్లాడతానన్నాను.

మాది గోపాల్‌పూర్. చేపలు పట్టే మమ్మల్ని ఒడియావాళ్ళు నోళియాలంటారు, ఇంట్లో మాది తెలుగే. మా అమ్మ నలభై ఏళ్ళు ఈ టౌను వీధుల్లో చేపలమ్మింది. దూరం పదహారు కిలోమీటర్ల దాకా ఉంటుంది. బస్సు టాపు మీద తట్ట, లోపల అమ్మ.

మార్చి 24 రాత్రి 8 గంటలకు చెప్పారు, అర్ధరాత్రి నుంచి అన్నీ బంద్. నాకు నెల జీతం. తలుపేసుకుని కూర్చున్నాను. అమ్మని కూడా కదలొద్దన్నాను. "ఇంట్లో కూకుంటే గంజెవుడు పోత్తాడ్రా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

సడలింపులొచ్చాక ఆటోకి ఇద్దరే అన్నారు. ఇద్దరితో నడిపితే డ్రైవరుకీ కిట్టదు, ఇరవై దగ్గర అరవై అడిగాడు. అమ్మకి రోజంతా తిరిగితే మిగిలేది నూట యాభై. నడిచింది. ఐసు నీళ్ళు కారి తలమీది చుట్టకుదురు నానిపోయేది, ముఖానికి కట్టుకున్న కొంగూ తడిసిపోయేది. ఇరవై ఏళ్ళుగా కొంటున్న ఒక ఇంటావిడ గేటు బయటే తట్ట దింపించి, డబ్బులు ఇటుక మీద పెట్టి, "ఊరూరా తిరిగి రోగం తెస్తున్నావే" అందట. ఆ మాట అమ్మ నాకు ఏడాది దాకా చెప్పలేదు.

అయ్యా, అమ్మా, ఆ రోజుల్లో మీ ఇంటికి పాలెవరు తెచ్చారు? గ్యాసు బండ ఎవరు మోశారు? వాళ్ళు తిరిగారు కాబట్టే మనం తిరగకుండా ఉండగలిగాం.

2020 ఏప్రిల్ నుంచి గూగుల్ వాళ్ళు, జనం ఎంత తిరుగుతున్నారో లెక్కలిచ్చారు. లొకేషన్ హిస్టరీ ఆన్ చేసుకున్న ఫోన్లను బట్టి ఆ లెక్క. అమ్మది బటన్ల ఫోను. ఆ పదహారు కిలోమీటర్లు ఎవరి పద్దులోనూ పడలేదు. జనం తిరగడం మానేశారని గ్రాఫులు చూసి మెచ్చుకున్నప్పుడల్లా నాకు కడుపు మండేది. అసలు పనికి ఎలా వెళ్తున్నారని 2011 జనగణనలో అడిగారు. పొలం పని, ఇంటి పరిశ్రమ కాక వేరే పనులు చేసేవాళ్ళలో మూడింట ఒకరికి పైగా నడిచో, సైకిలు మీదో వెళ్తున్నామన్నారు. ఆ తర్వాతైనా వాళ్ళకోసం మనం ఏ రోడ్డు వేశాం, ఏ నీడ కట్టాం?

సూరత్ పవర్‌లూముల దగ్గర చిక్కుకుపోయిన మన గంజాం కుర్రాళ్ళ గురించి కూడా చెప్పాలనుకున్నాను. వలస కూలీలను ఇళ్ళకు చేర్చే శ్రామిక్ రైళ్ళు మొదలైందే మే 1న. అప్పటిదాకా చేతిలో పనిలేక, ఇంటికి దారిలేక ఉన్నారు. తీరా వచ్చాక, జిల్లాలో కేసులు పెరిగితే అందరి వేళ్ళూ వాళ్ళవైపే. అమ్మని గేటు బయట నిలబెట్టిందీ ఈ చూపే.

అధ్యక్షులవారు చీటీ పంపారు, ముగిస్తాను. బస్సులో వెనక రెండు సీట్లు తీసి తట్టలకు చోటివ్వాలని, బస్టాండులో తట్ట దించుకోవడానికి ఎత్తు అరుగు కట్టించాలని అర్జీ రాశాను. గుమ్మం పక్క బల్ల మీద ఉంది. వెళ్ళేటప్పుడు సంతకం పెట్టండి. తెలుగులో పెట్టండి, ఒడియాలో పెట్టండి. మొదటి వేలిముద్ర మా అమ్మది.