నెత్తుటిలో ఒక్క అక్షరం

అందరికీ నమస్కారం. సిరొంచలో జన్యు సవరణ మీద ప్రసంగమంటే ఎవరొస్తారని మిత్రులు అడిగారు. సికిల్ సెల్ జబ్బు గురించని చెప్పండి, జనం వాళ్లే వస్తారన్నాను.

ఈ జబ్బు ఎలా ఉంటుందో గడ్చిరోలి జిల్లావాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కీళ్లు పట్టేసి రాత్రంతా ఏడ్చే పిల్లల్ని మీరు చూశారు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ జన్యువు రాతలో 'ఏ' అనే అక్షరం ఉండాల్సిన ఒక్క చోట 'టి' పడింది, అంతే. ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది.

డీఎన్‌ఏను కోరుకున్న చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతిని 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పెంటియే చూపించారు. దాంతో తయారైన కాస్‌జెవీ చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. తమాషా ఏమిటంటే, అది ఆ తప్పు అక్షరం జోలికే పోదు. కడుపులో ఉన్న బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టాక కొన్ని నెలలకు దాన్ని ఆపేసే స్విచ్ ఒకటుంది. ఆ స్విచ్‌ను పనిచేయకుండా చేస్తారు. పాత హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది, కణం వంగడం తగ్గుతుంది.

వినడానికి బాగుంది కదా! చేయించుకునేవాళ్ల పాట్లు వేరు. రక్తాన్ని పుట్టించే మూలకణాలు బయటకు తీసి సవరించాలి. ఒంట్లో మిగిలిన ఎముక మజ్జను కీమో మందుతో ఖాళీ చేసి, అప్పుడు వాటిని ఎక్కించాలి. వారాల తరబడి ఆసుపత్రిలోనే. జుట్టు ఊడుతుంది, పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినొచ్చు. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. ఈ జబ్బుకు వాడే హైడ్రాక్సీయూరియా మాత్రల కోసం బస్సెక్కి దవాఖానకు పోయేవాళ్ల ముందు ఆ అంకె చెప్పాలంటే నాకే ఇబ్బందిగా ఉంది. 2025 నవంబరులో ఢిల్లీలోని ఐజీఐబీ అనే ప్రభుత్వ జన్యు పరిశోధన సంస్థ తయారుచేసిన క్రిస్పర్ చికిత్సను బిర్సా 101 పేరుతో ప్రకటించారు. మనకు అందే ధరలో తేవాలన్నదే దాని ఉద్దేశం. చూద్దాం.

మరి పిండంలోనే మార్చేస్తే పోదా అంటారు కొందరు. 2018లో చైనాలో హె జియాన్‌కుయ్ ఆ పనే చేశాడు. హెచ్‌ఐవీ సోకకూడదని పిండాలను సవరించాడు, కవల ఆడపిల్లలు పుట్టారు, ఆయనకు మూడేళ్ల జైలు పడింది. దీనికి నేను ఒప్పుకోను. భార్యాభర్తలిద్దరూ వాహకులైనా, అంటే ఇద్దరిలోనూ ఈ తప్పు జన్యువు ఒక్కో కాపీ ఉన్నా, ఒక్కో కాన్పులో జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతే, గర్భంలో ఉండగానే పరీక్ష కూడా ఉంది. పైగా ఈ జన్యువు మన అడవుల్లో ఊరికే నిలవలేదు. ఒక్క కాపీ ఉన్నవాళ్లకు ప్రాణాంతక మలేరియా నుంచి చాలావరకు రక్షణ ఉంటుంది. మలేరియా ఇంకా వదలని జిల్లాలో తరతరాలకూ దాన్ని తుడిచేయాలంటే ఎవరిని అడిగి? పుట్టబోయేవాళ్లను అడగలేం.

పెద్దవాళ్లు తమ ఒంటికి తాము చేయించుకునే చికిత్స సంగతి వేరు, దానికి నేను అడ్డు చెప్పను. రేపు ఇక్కడికీ ట్రయల్స్ రావచ్చు. కాగితం ఇంగ్లిషులోనో మరాఠీలోనో ఉంటే తెలుగులో, గోండిలో చదివి వినిపించమనండి. పెళ్లి కావాల్సిన పిల్లలుంటే సంతానం సంగతి తేల్చుకోండి. ఇలాంటి చికిత్స తర్వాత పదిహేనేళ్ల దాకా పరీక్షలకు రమ్మంటారు. ఆ రానుపోను ఖర్చు, పోయిన కూలి ఎవరిస్తారో సంతకం పెట్టక ముందే అడగండి.