ఏ జబ్బూ లేనివాళ్ల ఈఈజీ ఎందుకు కావాలి?

అందరికీ నమస్కారం.

ఈఈజీ అంటే మెదడులోని విద్యుత్ తరంగాలను తలమీద నుంచి గీతలుగా నమోదు చేసే పరీక్ష. ఆ మాట అనగానే మనకు ఫిట్సే గుర్తొస్తాయి. ఏ జబ్బూ లేని మనిషి పనిగట్టుకుని వెళ్లి ఎందుకు తీయించుకుంటాడు? పరిశోధనకు కొరత అక్కడే. జబ్బు వల్ల వచ్చిన తేడా ఏదో చెప్పాలంటే మామూలు మెదడు ఎలా ఉంటుందో ముందు తెలియాలి కదా!

ఆ మామూలులోనే బోలెడు రకాలు. కళ్లు మూసుకుంటే తల వెనకవైపు ఆల్ఫా తరంగం పెరుగుతుంది, సెకనుకు 8 నుంచి 13 సార్లు. 1924లో జర్మనీలోని యేనాలో మనిషి ఈఈజీని మొదట నమోదు చేసిన హాన్స్ బెర్గరే దీన్నీ గమనించాడు. కొందరిలో ఇది కొట్టొచ్చినట్టు ఉంటుంది, కొందరిలో వెతుక్కోవాలి. ఇద్దరూ ఆరోగ్యవంతులే. నలుగురైదుగురిని చూసి ఈ సంగతి తేల్చలేం.

వైద్య పరిశోధన రికార్డింగులను ఇంటర్నెట్‌లో ఉచితంగా పంచే ఫిజియోనెట్‌లో 2009 నుంచి 109 మంది వలంటీర్ల రికార్డింగులు అందరికీ అందుబాటులో ఉన్నాయి. తలమీద 64 ఎలక్ట్రోడ్లు, అంటే తరంగాలను పట్టే చిన్న బిళ్లలు. ఒక నిమిషం కళ్లు తెరిచి, ఒక నిమిషం మూసుకుని కూర్చోవాలి. తర్వాత పిడికిళ్లు బిగించడం, పాదాలు కదపడం. మళ్లీ అవే కదలికలు మనసులో ఊహించుకోవడం. ఒక్కొక్కరికి 14 విడతలు, మొత్తం 1500కు పైగా ఫైళ్లు. మెషిన్ కొనే స్తోమత లేని కాలేజీ పిల్లలు కూడా వీటితో పని నేర్చుకోవచ్చు. ఇంకో లాభం, తప్పులు బయటపడతాయి. 88, 92, 100 నంబర్ల ఫైళ్లలో తేడాలున్నాయని వాడినవాళ్లే పట్టుకున్నారు. చాలామంది వాటిని పక్కన పెట్టేస్తారు. బీరువాలో దాచి ఉంటే ఎవరు చూసేవారు?

మన దగ్గర ఈఈజీకి వచ్చేవాళ్లకు తలస్నానం చేసి, నూనె రాయకుండా రమ్మంటారు. నూనె ఉంటే ఎలక్ట్రోడ్ సరిగా అంటుకోదు. ఒత్తైన జుట్టుతోనూ అదే తంటా. పంచుకునే ఫైలుతో పాటు ఇలాంటి వివరాలూ రాయాలి: మనిషి కునుకు తీశాడా, కాఫీ తాగాడా, గీతల్లో కలిసిపోయే కరెంటు రొద 50 హెర్ట్జ్‌దా (సెకనుకు 50 సార్లు), 60దా. ఇవి లేకపోతే ఆ గీతలు పరాయివాడి చేతిలో సగం పనికిరావు.

ఫైలు ఎవరిదో తెలియకుండా ఉండాలంటే పేరు తీసేస్తే చాలని మాత్రం నన్ను నమ్మమనకండి. ఆ 109 మంది ఫైళ్ల మీదే, తరంగాలను బట్టి మనిషిని గుర్తుపట్టే పరిశోధనలు చాలా జరిగాయి, ఫలితాలూ బాగానే వచ్చాయి. ఈ సంగతి వలంటీరుకు తెలుగులో, సంతకానికి ముందే చెప్పాలి. ఒకసారి డౌన్‌లోడ్ అయిన కాపీని ఎవరూ వెనక్కి తేలేరు. కాబట్టి ఏ తేదీలోపు మనసు మార్చుకోవచ్చో అంగీకార పత్రం మీదే రాసి ఇవ్వండి.