కంటితో చదివిన ఇంగ్లీషు నోటికి రావాలంటే

నమస్కారం. తెలుగు మాధ్యమంలో చదువుకొని, డిగ్రీ దాకా ఇంగ్లీషు పరీక్షలన్నీ గట్టెక్కి, ఇంటర్వ్యూ గదిలో మాత్రం నోరు పెగలని వారి కోసం ఈ వీడియో. వీరికి వ్యాకరణం రాదని అనలేం. టెన్సుల పట్టికలు, యాక్టివ్ వాయిస్‌ను ప్యాసివ్ వాయిస్‌గా మార్చే సూత్రాలు చాలామందికి కంఠతా వచ్చు. ఇన్నేళ్లూ ఇంగ్లీషును కంటితో చదివి చేతితో రాశారే తప్ప, చెవికీ నోటికీ దానితో పెద్దగా పని పడలేదు. అందువల్ల మరో వ్యాకరణ పుస్తకం కొనే ముందు చెవికి పని చెప్పడం మంచిది.

బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వారి 'సిక్స్ మినిట్ ఇంగ్లీష్' కార్యక్రమంలో ఆడియోతో పాటు మాటల పూర్తి పాఠం కూడా ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక నిమిషం భాగాన్ని తీసుకొని, పాఠం వైపు చూడకుండా, వాక్యం వాక్యానికీ ఆపుతూ, వినబడినదంతా కాగితం మీద రాయండి. ఆ తరువాత అసలు పాఠంతో సరిచూసుకుంటే, మీకు అందకుండా పోయిన వాటిలో కఠినమైన పదాల కంటే 'ఆఫ్', 'టు', 'హ్యావ్', 'వాజ్' వంటి ఒకటో తరగతి మాటలే ఎక్కువగా కనబడతాయి. దీనికి కారణం ఉంది. తెలుగులో ప్రతి అచ్చునూ దాని హ్రస్వదీర్ఘాలను బట్టి పూర్తిగా పలుకుతాం. ఇంగ్లీషు వారు పదంలో ఒక అక్షరాన్ని ఊనిక పెట్టి పలికి, తక్కినవాటిని నలిపేస్తారు. వాక్యంలోని చిన్న మాటలకూ అదే గతి పడుతుంది. 'ఫొటోగ్రాఫ్'లో ఊనిక మొదటి అక్షరం మీద ఉంటే, 'ఫొటోగ్రఫీ'లో అది రెండో అక్షరానికి మారుతుంది. మంచి నిఘంటువులో ఉచ్చారణ ఇచ్చే చోట, ఊనిక పడే అక్షరానికి ముందు పైభాగంలో చిన్న నిలువు గీత ఉంటుంది. ఏ కొత్త పదం నేర్చుకున్నా అర్థంతో పాటు ఆ గీత ఎక్కడుందో కూడా చూసుకోవాలి.

మన భాష అజంతం, అంటే పదాలు అచ్చుతో ముగుస్తాయి, కాబట్టి బస్సు, రోడ్డు, కారు అంటూ ఇంగ్లీషు పదాలకు చివర ఉకారం చేర్చి కలుపుకున్నాం. తెలుగులో అది సహజమే. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు కూడా అదే ఉకారం వెంటబడి వస్తే, వినేవారికి లేని అక్షరం ఒకటి వినబడి, వాక్యం లయ చెడుతుంది. ఇందాక రాసుకున్న ఆ నిమిషం పాఠాన్నే చేతిలో పెట్టుకొని, ఆడియోలోని గొంతుకు అర క్షణం వెనుకగా మీరూ పలుకుతూ ఫోన్‌లో రికార్డు చేసుకుంటే, ఉకారం ఎక్కడ చొరబడుతోందో మీ చెవే మీకు చెబుతుంది. అమెరికా యాస తెచ్చుకోవలసిన అవసరం ఎవరికీ లేదు, అమీర్‌పేటలో బోర్డులు ఏమని రాసి ఉన్నా సరే.

నోరు పెగలకపోవడానికి ఇంకో కారణం వాక్య నిర్మాణంలో ఉంది. 'నిన్న మా అన్నయ్య తెచ్చిన పుస్తకం' అన్నప్పుడు పుస్తకం చివరకు వస్తుంది. ఇంగ్లీషులో 'ది బుక్ దట్ మై బ్రదర్ బ్రాట్ ఎస్టర్‌డే' అని పుస్తకంతోనే మొదలుపెట్టాలి. క్రియ కూడా మనకు చివరనే ఉంటుంది. కనుక తెలుగులో ఆలోచించి అనువదించుకునే వ్యక్తికి, మనసులో తెలుగు వాక్యమంతా పూర్తయ్యేదాకా ఇంగ్లీషులో ముందుకు సాగే దారి దొరకదు. ప్రశ్న అడగడానికి మనం పదాల వరుసను మార్చం కాబట్టి 'వేర్ ఆర్ యు గోయింగ్' అనవలసిన చోట 'వేర్ యు ఆర్ గోయింగ్' అంటాం. 'గురించి' అలవాటు వల్ల 'డిస్కస్' పక్కన అక్కర్లేని 'అబౌట్' చేరుస్తాం. విడి పదాలకు బదులు 'వేర్ ఆర్ యు', 'ఇట్ డిపెండ్స్ ఆన్', 'డిస్కస్ ది ప్రాబ్లమ్' వంటి పదబంధాలను యథాతథంగా నోటికి పట్టిస్తే ఈ తప్పులు చాలావరకు తగ్గుతాయి. వాటిని ఒకేరోజు వందసార్లు వల్లించడం కన్నా, రోజుల ఎడం పెంచుకుంటూ మళ్లీ మళ్లీ చూసుకోవడం మేలు. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన జ్ఞాపకశక్తి మీద తానే చేసుకొని 1885లో ప్రచురించిన ప్రయోగాలలోనే ఈ సంగతి గమనించారు. అంకి అనే యాప్ ఆ ఎడాన్ని తానే లెక్కవేసి పెడుతుంది.

చదవడం గురించి కొంచెమే చెబుతాను. 'రోజూ హిందూ పేపర్ చదువు' అనే సలహా వినని తెలుగు విద్యార్థి ఉండడేమో. ఎవరి సహాయమూ లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే ప్రతి 100 పదాలలో సుమారు 98 ముందే తెలిసి ఉండాలని పదసంపదపై పరిశోధించినవారి అంచనా. ఆ లెక్కన సంపాదకీయంతో మొదలుపెట్టిన వ్యక్తి నిఘంటువు చదువుతాడే గానీ పత్రిక చదవడు. పిల్లల కథలో, క్రికెట్ వార్తో, ఏదైనా సరే, ఆగకుండా సాగేదానితో మొదలుపెట్టడంలో నామోషీ ఏమీ లేదు.

ఇక మాట్లాడటానికి తోడు దొరకలేదనేవారు భాషాబోధకులు వాడే నాలుగు-మూడు-రెండు పద్ధతిని పట్టుకోవచ్చు. మీ ఊరి జాతర గురించో, మీరు చేసిన ప్రాజెక్టు గురించో నాలుగు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పండి. అదే విషయాన్ని మూడు నిమిషాలలో, ఆపై రెండు నిమిషాలలో చెప్పండి. ముగ్గురు వేర్వేరు శ్రోతలకు చెప్పడం అసలు పద్ధతి. వారు లేనప్పుడు ఫోన్ చాలు. మూడోసారికి ఏమి చెప్పాలన్న వెతుకులాట తీరిపోయి, ధ్యాసంతా మాట సాగడం మీద నిలుస్తుంది. మొదటి రికార్డింగునూ మూడోదానినీ పక్కపక్కన విని, వినబడిన తప్పులలో ఒక్కదానినే, చివరి ఉకారమో ప్రశ్నలోని పదాల వరుసో, ఎంచుకోండి. ఆ వారమంతా దానిని మాత్రమే సరిచేసుకొని, తక్కినవాటిని వచ్చే వారానికి వదిలేయండి.