ఒకే నాటకం, 43 ఏళ్ల ఎడం: మూకీ తార లిలియన్ గిష్ స్టేజీ మీద ఎలా నిలబడింది?

[తెర మీద రెండు సంవత్సరాలు పక్కపక్కన: 1930, 1973]

1930 ఏప్రిల్. న్యూయార్క్‌లోని కోర్ట్ థియేటర్. రష్యన్ రచయిత చెకోవ్ నాటకం 'అంకుల్ వాన్యా'. ముసలి ప్రొఫెసరు రెండో భార్య హెలెనాగా లిలియన్ గిష్. వయసు 36. అంతకుముందు బ్రాడ్వే (న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల రంగం) ఎక్కింది 1913లో, అంటే మధ్యలో 17 ఏళ్లు సినిమాలే. 1973లో దర్శకుడు మైక్ నికల్స్ ఇదే నాటకాన్ని అదే ఊళ్లో వేయించినప్పుడు ఆమె ముసలి దాది మరీనా. అప్పటికి 79 ఏళ్లు.

టాకీలు రాగానే మూకీ తారలంతా గొంతు లేక మూలపడ్డారని ఒక మాట ప్రచారంలో ఉంది. లిలియన్ అయితే మైకు కూడా లేని చోటికే వెళ్లింది. తెర మీద నేర్చిన పనిలో అక్కడ ఏది చెల్లింది, ఏది చెల్లలేదో చూద్దాం.

[తెర మీద: మంచు ముక్క మీద పడుకున్న అమ్మాయి]

ఇది 1920 నాటి 'వే డౌన్ ఈస్ట్'. దర్శకుడు గ్రిఫిత్. నది మీద కొట్టుకుపోతున్న మంచు పలకపై స్పృహ తప్పిన అమ్మాయి. చెయ్యీ జుట్టూ నీళ్లలో వేలాడితే బాగుంటుందని సూచించింది లిలియనే. జుట్టు గడ్డకట్టింది. ఆ చేతికి కలిగిన బాధ ఏళ్ల తరబడి ఉండిపోయింది.

1926లో 'లా బొహేమ్'. క్షయతో చనిపోయే సీను కోసం మూడు రోజులు నీళ్లు మానేసిందనీ, నోరు తడారిపోవడానికి చిగుళ్ల దగ్గర దూది పెట్టుకుందనీ దర్శకుడు కింగ్ విడోర్ చెప్పాడు. కెమెరాకు ఇది సరిపోతుంది. ఒక్కసారి చిక్కితే చాలు, ఆ చావు రీలులో ఉండిపోతుంది.

స్టేజీ దగ్గర ఈ లెక్క తలకిందులు. బ్రాడ్వేలో వారానికి 8 ప్రదర్శనలు: ఆరు రాత్రులు, రెండు మధ్యాహ్నాలు. ఎండిన నోటితో డైలాగు రాదు. వచ్చినా నాలుగో రోజుకు గొంతు బొంగురుపోతుంది. 1932లో ఆమె 'కెమిల్' నాటకంలో మళ్లీ క్షయరోగే అయింది. మొదట వేసింది కొలరాడోలోని సెంట్రల్ సిటీలో, 1878లో కట్టిన ఆపెరా హౌస్‌లో. ఆ గనుల ఊరు దాదాపు 8,500 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడ గాలి పలచన. అలవాటు లేనివాళ్లకు త్వరగా ఆయాసం వస్తుంది. అలాంటి చోట రోగి ఊపిరి అందనట్టు నటించాలంటే నటి ఊపిరి నిండుగా ఉండాలి. దగ్గు ఎక్కడ, ఊపిరి ఎక్కడ అన్నది వాక్యానికి వాక్యం గుర్తు పెట్టుకోవాలి. లేకపోతే పాత్ర కంటే ముందు నటి పడిపోతుంది.

గొంతులో ఇంకో చిక్కుంది. ఆఖరి వరసకు మాట అందకపోవడానికి గొంతు చిన్నదవడం ఒక్కటే కారణం కాదు. చాలాసార్లు వాక్యం చివర స్వరం జారిపోతుంది. తెలుగులో క్రియ వచ్చేది చివరే కాబట్టి, ఈ జబ్బు ఖరీదు మన నాటకాల వాళ్లను అడగాలి!

మరి చెల్లింది ఏది? రిహార్సల్. గ్రిఫిత్ కెమెరా పెట్టకముందే కథంతా మొదటి నుంచి చివరి దాకా నటులతో ఆడించి చూసేవాడు. నాటకం కంపెనీ పద్ధతే. సీన్లు వరస తప్పి తీసినా, ఎక్కడ ఎంత ఏడవాలో ఆమెకు ముందే తెలిసేది. హాలీవుడ్ స్టూడియో ఎంజీఎంకు వెళ్లాక కూడా రిహార్సల్ కావాలని పట్టుబట్టింది. అక్కడివాళ్లకు అది వింతగా కనిపించింది.

రెండోది కదలకుండా ఉండటం. హెలెనా పెద్దగా ఏ పనీ చేయదు. మిగతావాళ్లు ఆమెను చూసి మతి పోగొట్టుకుంటారు, అంతే. అనవసరంగా ఒక్క చెయ్యి ఆడించినా ఆ పాత్ర చెడుతుంది. క్లోజప్పులో రెప్పపాటును కూడా పొదుపుగా వాడిన మనిషికి ఇంతకంటే తగిన వేషం ఏముంటుంది?

1936లో షేక్‌స్పియర్ 'హామ్లెట్'లో ఇంగ్లీషు నటుడు జాన్ గీల్‌గుడ్ హామ్లెట్ అయితే, ఆమె పడుచు ఒఫీలియా వేసింది. బ్రాడ్వేలో అది 132 ప్రదర్శనలు ఆడింది. ఆమెకు అప్పటికి 43 నిండబోతున్నాయి. దగ్గరి నుంచి చూసే కెమెరా ఆ వయసులో ఆ వేషం ఇవ్వదు. స్టేజీకీ ప్రేక్షకుడికీ మధ్య ఉన్న దూరం ఇచ్చింది.

మా దృష్టిలో అసలు పరీక్ష 1940లో షికాగోలో జరిగింది. 'లైఫ్ విత్ ఫాదర్' అనే హాస్య నాటకం 66 వారాలు. ఏడుపు పాత్రలకు పేరుపడ్డ నటి అందులో నవ్వించాలి. మూకీ సెట్లో నవ్వే జనం ఉండరు, దర్శకుడు మాత్రం పక్కనుంచి మాట్లాడుతూనే ఉండొచ్చు. హాల్లో మాత్రం నవ్వు మీద డైలాగు వేస్తే అది ఎవరికీ వినిపించదు. నవ్వు పూర్తిగా ఆగేదాకా ఆగితే సీను చల్లబడుతుంది. పైకి లేచిన నవ్వు కిందికి దిగడం మొదలైన క్షణంలో అందుకోవాలి. ఆ క్షణం రోజూ ఒకే చోట ఉండదు.

[తెర మీద: సమోవర్, అల్లిక సూదులు]

మళ్లీ 1973కు వద్దాం. మరీనాకు మాటలు తక్కువ. నాటకం మొదలయ్యేటప్పుడు సమోవర్ (టీకి నీళ్లు కాచే రష్యన్ పాత్ర) పక్కన కూర్చుని మేజోడు అల్లుతుంటుంది. నాటకం ముగిసేటప్పుడు ప్రొఫెసరు కూతురు సోన్యా మాట్లాడుతుంటే, దాది మాట లేకుండా ఆ మేజోడే అల్లుతుంటుంది. తెర నెమ్మదిగా దిగుతుంది.